పొగడ్త దొరుకుతుంది, ఆధారం దొరకదు

2025 జూన్ 6న చీనాబ్ రైల్వే వంతెనను జాతికి అంకితం చేశారు. నదికి 359 మీటర్ల ఎత్తున, 1,315 మీటర్ల పొడవున నిలిచిన ఉక్కు కట్టడం అది. ఆ తర్వాత కొన్ని రోజులపాటు తెలుగు పత్రికలు, టీవీలు, యూట్యూబ్ చానళ్లు ఒకే పేరు మోగించాయి. ప్రకాశం జిల్లాలో పుట్టి, కాకినాడ, వరంగల్, మద్రాసుల్లో చదివి, బెంగళూరు ఐఐఎస్‌సీలో ప్రొఫెసరైన గాలి మాధవీలత. వంతెన వెనకున్న వనిత అన్నారు. అసాధ్యాన్ని సుసాధ్యం చేశారన్నారు. ఆ హోరు చల్లారకముందే ఆమె లింక్డిన్‌లో ఒక వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆ మాటలకు ఆధారం లేదని, కొండవాలు జారకుండా చూసే పథకాల్లో, ఆ వాలు మీద పునాదుల రూపకల్పనలో సాయపడటం తన పని అని, ఈ వంతెన కోసం శ్రమించిన వేలమందిలో తానొకరినని చెప్పి, తనను అనవసరంగా ప్రసిద్ధురాలిని చేయవద్దని కోరారు.

ఇప్పుడు వికీపీడియాలో ఆమె గురించి ఒక వ్యాసం రాయాలనుకోండి. వికీపీడియాలో సొంత పరిశోధనకు చోటు లేదు. ఎక్కడో అచ్చయినదే రాయాలి, ప్రతి వాక్యానికీ మూలం చూపాలి. మూలాలకు కొరతేముంది, ఆ వారం వార్తలే కుప్పలు తెప్పలు. కానీ అందులో ఎన్ని వార్తలను నమ్మి ఉదహరించగలం? వాటిలో చాలావాటిని సంబంధిత వ్యక్తే కొట్టిపారేశారు. అసలు సంగతి ఆమె ఇండియన్ జియోటెక్నికల్ జర్నల్‌లో రాసిన వ్యాసంలో ఉంది. తవ్వుతున్నకొద్దీ ముందు సర్వేలో కనబడని బీటలు, డొల్లలు బయటపడుతుంటే అక్కడికక్కడ డిజైన్ మార్చుకుంటూ పోయిన వైనం అది. రాతిని పట్టి ఉంచే ఉక్కు కడ్డీలు ఎక్కడ దింపాలి, వాలు ఎంత బరువు మోస్తుంది అనే లెక్కలు. పాఠకుడికి చెప్పి ఒప్పించదగ్గ కథే. అది చెప్పడానికి ఒక పూట కూర్చుని ఆ వ్యాసం చదవాలి. ‘వనిత’ అని శీర్షిక పెట్టడానికి అయిదు నిమిషాలు చాలు.

ఏడేళ్ల ముందు దీనికి పూర్తి విరుద్ధమైన సంఘటన జరిగింది. 2018 అక్టోబరు 2న భౌతికశాస్త్ర నోబెల్ ప్రకటించారు. విజేతల్లో ఒకరు కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం అసోసియేట్ ప్రొఫెసర్ డోనా స్ట్రిక్‌లాండ్. 1903లో మేరీ క్యూరీ, 1963లో మరియా గోపర్ట్ మేయర్ తర్వాత ఆ బహుమతి అందుకున్న మూడో మహిళ. ప్రకటన వెలువడే సమయానికి ఇంగ్లీషు వికీపీడియాలో ఆమెకు పేజీ లేదు. అదే పనికి బహుమతి పంచుకున్న ఆమె గురువు జెరార్ మూరూకు 2005 నుంచే ఉంది. ఎవరూ ప్రయత్నించలేదా అంటే, అదీ కాదు. ఆ ఏడాది మార్చిలో ఒకరు చిత్తుప్రతి రాసి పరిశీలనకు పంపితే, మే నెలలో తిరస్కరించారు. ఆమెతో సంబంధం లేని నమ్మదగిన ప్రచురణల్లో తగినంత రాసినట్టు కనబడలేదన్నది కారణం.

ఆ తిరస్కరణ మీద ఆనాడు చాలామంది విరుచుకుపడ్డారు. నా మటుకు నాకు ఆ పరిశీలకుడి మీద కొంత సానుభూతే ఉంది. విద్యావేత్తల విషయంలో వికీపీడియాకు విడిగా ప్రాముఖ్యత నియమాలున్నాయి. పెద్ద శాస్త్రసంఘాల ఫెలోషిప్పు ఉన్నా చాలు. స్ట్రిక్‌లాండ్ ఆప్టికల్ సొసైటీకి ఫెలో మాత్రమే కాదు, 2013లో అధ్యక్షురాలు కూడా. ఆ నియమం ప్రకారం వ్యాసం నిలవాల్సిందే, కాబట్టి పొరపాటు జరిగిన మాట నిజం. కానీ ఆయన ముందున్న చిత్తులోని మూలాలు చూస్తే, ఎక్కువ భాగం ఆమె పనిచేసే చోటు, ఆమె నడిపిన సంఘం తమ గురించి తామే చెప్పుకున్నవి. 1985లో ఆమె, మూరూ కలిసి రాసిన పత్రం లేజర్ల దిశనే మార్చింది. పొట్టి కాంతి స్పందనను ముందు సాగదీసి, పలచబడ్డాక బలం పెంచి, మళ్లీ కుదించడం. నేరుగా బలం పెంచితే యంత్రమే కాలిపోతుంది, ఈ దారిలో పోతే కాలదు. కంటి శస్త్రచికిత్సలు చేసే లేజర్ల దాకా వెళ్లిన ఉపాయమిది. ముప్పై మూడేళ్లలో ఆమె గురించి ఒక పత్రిక పూనుకుని నాలుగు పేజీలు రాసి ఉంటే ఆ చిత్తు తిరిగొచ్చేది కాదు. వికీమీడియా ఫౌండేషన్‌కు అప్పటి అధిపతి కాథరిన్ మార్ కూడా ఇంచుమించు ఇదే జవాబిచ్చారు: లోకంలో ఉన్న పక్షపాతమే మా దగ్గర ప్రతిఫలిస్తోంది అని. సంస్థను వెనకేసుకొచ్చే మాటే, అయినా అబద్ధం కాదు.

ఒకచోట వార్తే లేదు, ఇంకోచోట వార్తల వరద. రెండుచోట్లా లోపించింది ఒకటే, ఆమె చేసిన పని ఏమిటో పట్టించుకుని రాసినవారు. మహిళా శాస్త్రవేత్తల జీవిత చరిత్రలు అంతర్జాల విజ్ఞాన సర్వస్వంలో తక్కువగా ఉన్నాయని వాపోయే ముందు పత్రికలు, విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు తమ వంతు లెక్క చూసుకోవాలి. వికీపీడియన్ దగ్గరికి వచ్చేసరికి జరగాల్సిన నష్టం సగం జరిగిపోయి ఉంటుంది.

మిగతా సగం నష్టం వికీపీడియాలోనే జరుగుతుంది, దాన్ని దాచాల్సిన పని లేదు. అక్కడ దిద్దుబాట్లు చేసేవారిలో మహిళలు నూటికి పది, పదిహేనుకు మించరని సర్వేలు చెబుతున్నాయి. అమెరికా సామాజికశాస్త్రవేత్త ఫ్రాన్సెస్కా ట్రిపోడి 2021లో ప్రచురించిన అధ్యయనం తొలగింపు ప్రతిపాదనల పద్దు తిరగేసింది. ఉన్న జీవిత చరిత్రల్లో మహిళల వాటా ఎంతో, తొలగించమంటూ ప్రతిపాదించిన వాటిలో వారి వాటా అంతకంటే ఎక్కువని తేల్చింది. చర్చలో నిలిచిన వ్యాసానికి కూడా ఎవరో వారం రోజులు కూర్చుని వాదించాల్సి వచ్చి ఉంటుంది. ఆ వారంలో మరో రెండు వ్యాసాలు రాసి ఉండేవారు.

అమెరికాలో ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాలకు చెందిన క్లారిస్ ఫెల్ప్స్ ఉదంతం చూడండి. 117వ మూలకం టెనెసిన్ తయారు కావడానికి బెర్కీలియం కావాలి. దాన్ని శుద్ధి చేసిన బృందంలో ఆమె ఒకరు. ఆమెపై వచ్చిన వ్యాసాన్ని 2019 ఫిబ్రవరిలో తీసేశారు, నెలల తరబడి వాదప్రతివాదాలు నడిచాక 2020లో తిరిగి నిలబెట్టారు. బృందంలో ఒకరికి ఎంత ఘనత ఇవ్వాలన్నది న్యాయమైన ప్రశ్నే. మాధవీలత లేవనెత్తిందీ అదే కదా. కాకపోతే ఆ ప్రశ్న ఎవరి పేజీ దగ్గర ఎంత గట్టిగా అడుగుతున్నామన్నది కూడా చూసుకోవాలి.

ఇలాంటి చోట ఓపిక పట్టి పనిచేసినవారు కొందరున్నారు. ఎమిలీ టెంపుల్‌వుడ్ అనే అమెరికన్ విద్యార్థిని 2012లో మహిళా శాస్త్రవేత్తల వ్యాసాల కోసం ఒక వికీ ప్రాజెక్టు మొదలుపెట్టింది. వేధిస్తూ వచ్చిన ప్రతి ఈమెయిలుకూ బదులుగా ఒక మహిళా శాస్త్రవేత్త మీద వ్యాసం రాయాలని పెట్టుకుంది. అంతకంటే పదునైన సమాధానం నాకు తట్టదు. కొన్నేళ్లకు ఆరన్ హాఫేకర్ అనే పరిశోధకుడు లెక్కగట్టి చూస్తే, మహిళా శాస్త్రవేత్తల వ్యాసాల నాణ్యత వికీపీడియా సగటును దాటిపోయింది. లండన్ ఇంపీరియల్ కాలేజీ భౌతికశాస్త్రవేత్త జెస్ వేడ్ 2018 నుంచి దాదాపు రోజుకొకటి చొప్పున రాస్తూ రెండు వేలు దాటించారు. 2015లో మొదలైన ‘విమెన్ ఇన్ రెడ్’ బృందం ఎర్ర లింకులను, అంటే పేరుండి పేజీ లేనివాటిని, నీలంగా మారుస్తోంది. మొదలైనప్పుడు ఇంగ్లీషు వికీపీడియా జీవిత చరిత్రల్లో మహిళలవి నూటికి 15 చిల్లర. ఇప్పుడు 20 దగ్గర ఉన్నాయి. ప్రపంచం నలుమూలల నుంచి ఇందరు పదేళ్లు శ్రమిస్తే కదిలింది అయిదు పాళ్లు. మూలాలు లేనిచోట ఎంత ఉత్సాహమైనా ఆగిపోక తప్పదు.

మూలం పుట్టుకొస్తే ఏమవుతుందో బిభా చౌధురి కథ చెబుతుంది. కలకత్తాలో పుట్టిన ఈ భౌతికశాస్త్రవేత్త 1940ల మొదట్లో దేబేంద్ర మోహన్ బోస్‌తో కలిసి ఫొటోగ్రాఫిక్ పలకల మీద కాస్మిక్ కిరణాల జాడలు పట్టి ‘నేచర్’లో పత్రాలు ప్రచురించారు. యుద్ధం వల్ల మెరుగైన పలకలు దొరకలేదు, పని అక్కడితో ఆగింది. అదే తరహా పద్ధతిని మరింత అభివృద్ధి చేసిన సెసిల్ పావెల్‌కు 1950లో నోబెల్ వచ్చింది. ఆమె 1991లో కన్నుమూశారు. దేశంలో అత్యధికులు ఆ పేరు విననేలేదు. ఇద్దరు పరిశోధకులు పాత పత్రాలు, ఉత్తరాలు వెలికితీసి 2018లో పుస్తకం రాశారు. 2019లో ఒక నక్షత్రానికి బిభా అని పేరు పెట్టారు. ఈరోజు ఎవరైనా ఆమె మీద ఏ భాషలోనైనా వ్యాసం రాయవచ్చు, ఎవరూ తొలగించలేరు. 2008లో భారతీయ విజ్ఞాన అకాడమీ తెచ్చిన ‘లీలావతీస్ డాటర్స్’ కూడా ఇలాంటి పనే చేసింది. రోహిణీ గోడ్బోలే, రామ్ రామస్వామి సంపాదకత్వంలో వందమంది దాకా మహిళా శాస్త్రవేత్తల కథలు అందులో ఒకచోట చేరాయి. అటువంటి సంకలనం తెలుగు నేల మీద పనిచేసిన వారిని గురించి ఒకటుంటే ఎంత ఊతంగా ఉండేదో.

పురస్కారాలు ఆధారమవుతాయి కదా అనవచ్చు. అవుతాయి, కానీ వాటి పక్షపాతం కూడా వెంట వస్తుంది. శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి 1958లో మొదలైతే, తొలిసారి ఒక మహిళకు, అసీమా చటర్జీకి, దక్కింది 1961లో. తర్వాత అర్చనా శర్మకు దక్కడానికి 1975 దాకా ఆగాల్సి వచ్చింది. భారతదేశంలో పనిచేస్తూ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికైన తొలి మహిళ గగన్‌దీప్ కాంగ్, అదీ 2019లో. బహుమతి వస్తేనే పత్రిక రాస్తుంది, పత్రిక రాస్తేనే వికీపీడియాలో పేజీ నిలుస్తుంది, బహుమతి కమిటీలో కూర్చున్నవారు కూడా పేరు విని ఉంటేనే తలుస్తారు. తిలాపాపం తలా పిడికెడు.

మన ఊరి ఉదాహరణ ఒకటి చెబుతాను. హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1885లో ఇక్కడి వైద్య పాఠశాలలో అయిదుగురు మహిళలను చేర్చుకున్నారు. వారిలో పార్సీ యువతి రూపాబాయి ఫర్దూన్జీ ఒకరు. 1889లో చదువు పూర్తయింది. క్లోరోఫాం ఇస్తుండగా రోగి చనిపోతే ముందు ఆగేది గుండెనా, ఊపిరా అని వైద్యలోకం తర్జనభర్జన పడుతున్న కాలమది. దాన్ని తేల్చడానికి ఆరో నిజాం ఖర్చుతో హైదరాబాదులో 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. రెండోదానికి లండన్ ‘లాన్సెట్’ పత్రిక నిపుణుణ్ని పంపేందుకు నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చారు. ఆ ప్రయోగాల్లో రూపాబాయి పాల్గొన్నారు. తర్వాత ఏళ్ల తరబడి నగర ఆసుపత్రుల్లో మత్తు ఇచ్చారు. 1909లో ఎడిన్‌బరోకు వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు చదివివచ్చారు.

ఆమె గురించి ఎక్కడ చూసినా మొదటి వాక్యం ఒకటే: ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలు. కావచ్చు. అయితే విజ్ఞాన సర్వస్వంలో ఆ మాట రాసేటప్పుడు అన్నది ఎవరో చెప్పి రాయాలి, ఎందుకంటే ప్రపంచమంతా వెతికి తేల్చిన సంగతి కాదది. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది ఇంకొకటి. ముందు ఆగేది ఊపిరే, నాడిని కాదు శ్వాసను గమనించండి అన్నది లారీ వాదం. హైదరాబాదు కమిషన్ దాన్నే బలపరిచింది. 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు ఆ వాదాన్ని దెబ్బతీశాయి. తక్కువ మోతాదులో కూడా క్లోరోఫాం గుండె లయను తప్పించి ప్రాణం తీయగలదని తేలింది. ఈ సంగతి చేర్చినంత మాత్రాన రూపాబాయి చిన్నబోరు. తప్పొప్పులు తేలుతూ సాగిన ఒక పెద్ద శాస్త్రచర్చ నడిమధ్యలో ఆమె నిలబడి కనిపిస్తారు. ‘తొలి మహిళ’ అన్న బిరుదు ఒక్కటే తగిలిస్తే గోడకు వేలాడే పటంలా మిగిలిపోతారు.

జీవిత చరిత్ర రాసేవారు జారిపడే చోటు ఇదే. అమెరికన్ సైన్సు రచయిత్రి ఆన్ ఫింక్‌బైనర్ ఒక మహిళా ఖగోళశాస్త్రవేత్త గురించి రాయబోతూ, ఆమె ఆడమనిషి అన్న సంగతే ఎత్తనని నిశ్చయించుకున్నారు. దాన్నిబట్టి 2013లో ఒక పరీక్ష రూపుదిద్దుకుంది. భర్త ఉద్యోగం, పిల్లల పెంపకం, ‘తొలి మహిళ’, ‘ఆడపిల్లలకు ఆదర్శం’ లాంటివి లేకుండా వ్యాసం నిలవాలి. అదే ఏడాది మార్చిలో ఉపగ్రహ ప్రొపల్షన్ నిపుణురాలు ఇవాన్ బ్రిల్ చనిపోతే న్యూయార్క్ టైమ్స్ సంస్మరణ ఆవిడ వంట బాగా చేస్తుందంటూ మొదలైంది. పాఠకులు దుమ్మెత్తిపోశాక ఆ వాక్యం మార్చారు. మన దగ్గర దుమ్మెత్తిపోసేవారు కూడా తక్కువ. ఇస్రో రాకెట్ ఎగిరిన మర్నాడు అక్కడి మహిళా శాస్త్రవేత్తల పట్టుచీరలు, మల్లెపూలు మొదటి పేజీకెక్కుతాయి, వారు రాసిన కోడ్ ఏమిటో లోపలి పేజీలో కూడా ఉండదు.

అన్నా మణి అయితే ఈ పరీక్షను ఇష్టపడి ఉండేవారు. తిరువాన్కూరులో పుట్టి, సి.వి. రామన్ దగ్గర వజ్రాల మీద పనిచేసి, 1945లో మద్రాసు విశ్వవిద్యాలయానికి సిద్ధాంతవ్యాసం సమర్పిస్తే, ఎమ్మెస్సీ లేదన్న సాకుతో డాక్టరేటు ఇవ్వలేదు. ఆమె మాత్రం ఆడదాన్ని కావడం పెద్ద విషయమన్నట్టు ఎన్నడూ మాట్లాడలేదు. వాతావరణ శాఖలో చేరి వందకు దగ్గరగా పరికరాల నమూనాలను ఒక ప్రమాణానికి తెచ్చి దేశంలోనే తయారు చేయించారు. ఎండ ఎక్కడ ఎంత కాస్తుందో కొలిచే కేంద్రాలు నెలకొల్పి, ఆ గణాంకాలను 1980లో పుస్తకంగా తెచ్చారు. ఇవాళ కర్నూలు, అనంతపురం బీడు నేలల్లో సోలార్ పలకలు చూస్తున్నవాళ్లకు ఈ పేరు తెలియాలి.

అయినా ఆ పరీక్షను సూత్రంలా పట్టుకోవడం కూడా కుదరదు. మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టిన అయ్యలసోమయాజుల లలిత సంగతి చూడండి. పద్దెనిమిదేళ్లకు భర్త పోయారు, చేతిలో నెలల పసిపాప. తండ్రి గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్. అక్కడే ఎలక్ట్రికల్ చదివి 1943లో పట్టా పుచ్చుకున్నారు. కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి భాక్రా నంగల్ విద్యుత్ పనులకు డిజైన్లు చేశారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్లారు. ఇందులో వైధవ్యం తీసేస్తే ఆ రోజుల్లో ఆ కుటుంబం తీసుకున్న నిర్ణయం ఎంత పెద్దదో అర్థం కాదు. అది ఉండాల్సిందే, ఒక్క వాక్యంలో. మిగతా పేజీ భాక్రా తీగలది.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలై లక్ష వ్యాసాలు దాటింది. నడిపేవారు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతమంది, అందరూ సొంత పనులు చేసుకుంటూ రాత్రిళ్లు రాసేవారే. మహిళా శాస్త్రవేత్తల వ్యాసాలు ఉన్నవాటిలో చాలా భాగం ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నవి, కనుక ఇంగ్లీషులో లేనివారు తెలుగులోనూ ఉండరు. తిరగబడాల్సిన వరస ఇది. ఇక్కడి వారి గురించి ముందు తెలుగులో ఉండాలి. కానీ తెలుగు మూలం వెతకబోతే పాత వార్తలు ఒక్కో పత్రిక సొంత ఫాంటులో ఉండి సెర్చికి చిక్కవు. ఆ రాతను యూనికోడుకు మార్చే ‘పద్మ’ ఉపకరణం చేసిన వెన్న నాగార్జునే తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టారు. ఇరవై ఏళ్లు గడిచాయి, చిక్కు పూర్తిగా వీడలేదు. కొత్త వార్తల లింకులేమో వెబ్‌సైటు మారినప్పుడల్లా చచ్చిపోతాయి. పత్రికల యాజమాన్యాలు పాత లింకులు బతికించడం ఖర్చుతో కూడిన ఘనకార్యం కాదు, కాస్త పట్టింపు ఉంటే చాలు.

రాయడానికి కథలు లేక కాదు. సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్ఐ వంటి పరిశోధన సంస్థలన్నీ హైదరాబాదులోనే ఉన్నాయి. సీసీఎంబీకి చెందిన మంజులా రెడ్డికి 2019లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. ఆమె పని ఇలా చెప్పవచ్చు. బాక్టీరియా చుట్టూ వలలాంటి గట్టి గోడ ఉంటుంది. లోపలి కణం పెరగాలంటే ఆ వల పెరగాలి, కొత్త పోగు చేర్చాలంటే పాత పోగు ఎక్కడో తెంచాలి. ఎక్కువ తెంచితే కణం పగిలి చస్తుంది. ఆ తెంచే ఎంజైములేవో ‘ఈ.కోలై’ అనే బాక్టీరియాలో మంజులా రెడ్డి బృందం 2012లో గుర్తించింది. పెన్సిలిన్ దెబ్బకొట్టేది ఈ గోడనే కాబట్టి కొత్త యాంటీబయోటిక్ వెతికేవారికి ఇది మరో చోటు చూపించింది. ఇది పదో తరగతి విద్యార్థికి అర్థమవుతుంది. బహుమతి వచ్చినరోజే రాయాలని నియమమేమీ లేదు, పత్రం అచ్చయిన రోజున ఒక కాలమ్ ఇస్తే మరీ మంచిది. పదవీ విరమణ రోజున ఒకటి, మరణించినప్పుడు సన్మానపత్రం కాని సంస్మరణ ఒకటి.

ఇవాళ ఈ అవసరం ఇంకొంచెం పెరిగింది కూడా. సెర్చిలో పేరు కొడితే పక్కన వచ్చే పెట్టె, ఫోన్లలో ప్రశ్నకు జవాబిచ్చే కృత్రిమ మేధ, ఇవన్నీ వికీపీడియా పాఠం మీద ఆధారపడుతున్నాయి. ‘వంతెన కట్టిన వనిత’ ఒకసారి అందులోకి ఎక్కితే దించడం మాధవీలత వల్ల కూడా కాదు.

పరిశోధన సంస్థలు వెంటనే చేయగలిగింది ఒకటుంది. మహిళా శాస్త్రవేత్తల పేజీలు ఉన్నా చాలావాటిలో ఫొటో ఉండదు. పత్రికల ఫొటోలకు కాపీహక్కు ఉంటుంది, మన చట్టంలో ఫొటో తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. సంస్థల ప్రజాసంబంధాల విభాగం దగ్గర ఉన్న ఫొటోలను స్వేచ్ఛా లైసెన్సు కింద వికీమీడియా కామన్స్‌లో పెట్టవచ్చు. ఫొటోలో ఉన్నవారిని ముందు అడగాలి, వద్దన్నవారిని వదిలేయాలి. పక్కనే ఏ ఏడాది, ఏ ప్రయోగశాల, చేతిలో ఉన్న పరికరం ఏమిటి అన్నది రాసిపెట్టాలి.